యముడి వైపు చూడని త్రిభుజం

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో బెంగళూరులో కిరసనాయిలు దొరికేది కాదు, మంచి బియ్యం దొరికేవి కావు, కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. కొరత లేకుండా, అడిగినా అడక్కపోయినా దొరికింది ఒక్క జామెట్రీయే. ఇప్పటి పిల్లలు రంగురంగుల పుస్తకాలు ముందేసుకుని "లెక్కలు కష్టం అమ్మమ్మా" అంటుంటే నాకు నవ్వొస్తుంది. కష్టమంటే ఏమిటో నన్నడగండి. మా పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, పాఠం కన్నడంలో చెప్పేవారు, తిట్లు మాత్రం అచ్చ తెలుగులో పడేవి. (మా లెక్కల టీచరమ్మది కోలారు వైపు. సన్నగా పొడుగ్గా ఉండి, పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచేది కాబట్టి ఆమెకు కాంపాసమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి ఆమెకు తెలియదనే అనుకునేవాళ్ళం.)

నేను జామెట్రీ నేర్చుకున్న పద్ధతి చాలా సులువైనది. బొమ్మను బొమ్మగా, మాటను మాటగా మింగేయడమే. త్రిభుజం అంటే కింద చదునుగా ఒక గీత, పైన ఒక కొన. కొన పేరు ఏ, ఎడమకాలు బీ, కుడికాలు సీ. ఇంతకు మించి త్రిభుజాలకు వేరే బతుకు ఉంటుందని నాకు తోచలేదు. ఒకనాడు కాంపాసమ్మ బోర్డు మీద అదే త్రిభుజాన్ని తలకిందులుగా గీసి, పీ, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టి, "ఏమే, ఇదేంది?" అని నన్ను లేపింది. నేను బాగా ఆలోచించి, "పడిపోయినాది టీచర్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నేను నవ్వించడానికి అనలేదు, దేవుడి తోడు. నాకు నిజంగా అలాగే కనిపించింది.

ఆ తెలివితేటలతో అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పాను. ఇంట్లో మా అవ్వ మాటకు తిరుగులేదు. నాయన నగర్తపేటలో దారాల అంగడి యజమానే గాని, అంగడి వెనక ఉన్న ఇంటికి మాత్రం అవ్వే యజమాని. ఆమె ఆకువక్క నములుతూ తీర్పు చెప్పేసింది. "ఆడపిల్లకు ఇంత చదువే ఎక్కువ. నా కొడుకు బతిమాలినాడని ఊరుకుంటి. ఎండకాలం పరీక్షలో ఇంకోతూరి తప్పినావంటే ఆ పొద్దే నీ సంచి అటకెక్కుతాది, తెలిసిందా?" నాయన నా వైపు జాలిగా చూసి దారపుండల్లో తల దూర్చేశాడు. నాకు పధ్నాలుగేళ్ళు. బడి అంటే ప్రాణం. జామెట్రీ మీద ప్రేమ కాదు గాని, ఆ సంచి భుజాన వేసుకుని ఇంటి గడప దాటి స్నేహితురాళ్ళతో నడిచి వెళ్ళే ఆ అరగంట దారి కోసం నేను ఏమైనా చేసేదాన్ని. ఇంట్లో అటక వైపు చూడకుండా తిరగడం అలవాటు చేసుకున్నాను.

దానికి తోడు కాంపాసమ్మ తప్పినవాళ్ళందరికీ శిక్ష వేసింది. లంబకోణ త్రిభుజం సిద్ధాంతం బొమ్మతో సహా ముప్పై సార్లు రాయాలి. (మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక మూల నిటారుగా ఉన్న త్రిభుజం తీసుకుని, దాని మూడు భుజాల మీద మూడు చదరాలు గీస్తే, చిన్న చదరాలు రెండూ కలిసి పెద్ద చదరానికి సమానం.) రాయడానికి కాగితమేదీ? నాయన పొట్లాలకే కాగితం లేదని గోలపెడుతున్నాడు. అవ్వను అడిగితే, "నేల ఉండాది కదప్పా! నేలకు కూడా రేషను పెట్టినారా ఏమి?" అంది. అమ్మ అప్పుడు పసి తమ్ముడితో ఉంది కాబట్టి తెల్లవారే వాకిట్లో ముగ్గు పెట్టే పని నాదే. ధనుర్మాసం చలి. రోజూ ముగ్గు పెట్టాలి, రోజూ సిద్ధాంతం గీయాలి. రెండు పనులకు రెండుసార్లు వంగడం ఎందుకని నాకొక గొప్ప ఆలోచన వచ్చింది.

మర్నాడు వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో సిద్ధాంతాన్ని పెట్టేశాను. కొన మా గడప వైపు, పెద్ద చదరం వీధి వైపు, నడుమ అడ్డగీతలన్నీ పుస్తకంలో ఉన్నట్టే, అక్షరాలతో సహా. ముచ్చటగా వచ్చిందని నాలుగు పక్కలా పసుపు కుంకుమ కూడా చల్లాను. లోపలికొచ్చి కాఫీ తాగుతుంటే వీధిలో గలాటా వినిపించింది. పూలమ్మే ఆమె గంప నెత్తిన పెట్టుకుని బొమ్మకు ఆరడుగుల దూరంలో నిలబడి అరుస్తోంది. "అవ్వో! బయటికి రావద్దండి! ఎవురో పాడుముండాకొడుకులు మీ వాకిట్లో చేతబడి చేసి పోయినారు!" వీధి వీధంతా మూగింది. అవ్వ గడప దగ్గరే ఆగిపోయి, నన్ను వెనక్కి లాగి, నా నెత్తిన చెయ్యి పెట్టి ఏదో గొణగడం మొదలుపెట్టింది. ఆ చేతబడి నా చేతిదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఎదురంగడి తాత వచ్చాడు. ఇత్తడి సామాన్ల అంగడి ఆయనది. రాగి రేకుల మీద యంత్రాలు చెక్కించి అమ్మేవాడు కాబట్టి ఆ విషయంలో ఆయన మాట వీధికి వేదం. బొమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని, "చేతబడి కాదప్పా. చూసినారా, మూడు పీఠాలు, నడుమ కోణము, ఒక్కో మూలకు ఒక్కో బీజాక్షరము. దొరల అక్షరాల్లో ఉండాది. ఇది కుబేరుడికి సంబంధించిందే" అన్నాడు. నేను అవ్వ చీర కొంగు చాటు నుంచి, "నేనే పెట్టినాను తాతా, ఇస్కూల్లో చెప్పినారు" అన్నాను. అవ్వ చెయ్యి నా నెత్తి మీద అలాగే ఉంది గాని, గొణుగుడు ఆగిపోయింది. ఒక్క క్షణంలో ఆమె ముఖంలో భయం పోయి ఠీవి వచ్చింది. "మరేమనుకున్నారు? మా పిల్ల ఇంగ్లీషు ఇస్కూల్లో చదువుతాది" అని వీధికంతటికీ వినిపించేలా చెప్పింది.

అక్కడితో ఆగిపోయేదే. కాని అదే రోజు మధ్యాహ్నం దండు (కంటోన్మెంటు) నుంచి ఒక మిలటరీ దర్జీ వచ్చి, మా అంగడిలో రెండేళ్ళుగా ఎవరూ ముట్టని ఆకుపచ్చ దారం మొత్తం ఎత్తుకుపోయాడు. ఖాకీ బట్టలు పోయి పచ్చబట్టలు వస్తున్నాయట. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, బట్టల రంగు మార్చింది ఎవరో, పేరు మాత్రం నా ముగ్గుకు వచ్చింది. సాయంత్రానికి ఎదురంగడి తాత స్వయంగా వచ్చి, "పాపా, రేపు మా ఇంటికాడ కూడా పెట్టాల" అన్నాడు. అవ్వ నాకన్నా ముందే ఒప్పేసుకుంది.

తాత ఇల్లు పక్క సందులో, ఉత్తరం వాకిలి. నేను అలవాటు ప్రకారం గడపకు ఎదురుగా నిలబడి పిండి తీశాను. "ఆగాగు! కొన దక్షిణానికి పోతాది. అది యముడి దిక్కు. కుబేరుణ్ణి పిలిచి యముడి తావుకు దోవ చూపిస్తావా?" అన్నాడు తాత. సరే అని గడప ఎక్కి వీధి వైపు తిరిగాను. "అయ్యయ్యో, కొన వీధికి తిరిగితే లచ్చిమి బయటికి పోదా? తూర్పుకు తిప్పి పెట్టు." తూర్పుకు తిప్పాలంటే నేను పడమట నిలబడాలి. పడమట మురుగునీళ్ళ మోరీ ఉంది, మోరీ పక్కన ఆయన పాడి ఎనుము కట్టేసి ఉంది. నా జీవితంలో మొదటిసారి, నేను కదలకుండా త్రిభుజాన్ని తిప్పాల్సి వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చలిలో చెమటలు పట్టాయి. పైన ఏది, కింద ఏది? ఎడమకాలు ఏ పక్కకు పోయింది? చివరికి, నేల మీద పరిచిన బండలు నాలుగు కలిసే చోట నిటారు మూల కనిపించింది. ముందు ఆ మూలను పట్టుకుని దాని రెండు భుజాలూ గీశాను, ఆ రెంటినీ కలిపాను, ఆ తర్వాత ఒక్కో భుజం మీద ఒక్కో చదరం కట్టుకుంటూ పోయాను. బొమ్మ పక్కకు పడుకుని వచ్చింది. వచ్చింది గదా!

అవ్వ ఊరికే ఉంటుందా? "ఒట్టి గీతలకు దేవుడు వస్తాడా? ధాన్యం పొయ్యాల" అంది. బియ్యం రేషను కాబట్టి ఎండు అనపగింజలు తెప్పించింది. చిన్న చదరాలు రెండింటినీ, గింజ పక్కన గింజ చొప్పున, ఒక్క వరస మందాన నింపించింది. పెద్ద చదరం నింపడానికి గింజలు అయిపోయాయి. తాత భార్య ఇంకా తేవడానికి లేవబోతుంటే నేను గొప్ప కోసం, "వద్దు అవ్వా, ఈ రెండిట్లోవి తీసి దాంట్లో పోయండి, సరిగ్గా సరిపోతాది" అనేశాను. సిద్ధాంతంలో అలా రాసుంది మరి. వాళ్ళు గింజలన్నీ తీసి పెద్ద చదరంలో పరిచారు. సరిపోయాయి! (నాలుగు గింజలు అటూ ఇటూ అయ్యుంటాయి, ఎవరు చూడొచ్చారు.) అందరూ చేతులు జోడించారు. వాళ్ళందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది నేను. ఆ వాక్యం అప్పటికి ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు రాశానో! అది నిజమని మాత్రం నాకు అంతవరకూ తట్టలేదు. రాయడానికి ఉన్న వాక్యమనే అనుకున్నాను. ఆ పూట తాత ఇంట్లో సిద్ధాంతాన్ని పులుసు పెట్టుకుని తిన్నారు.

మర్నాడే రెండో పిలుపు గాజుల అక్క నుంచి వచ్చింది. మా వీధి చివర ఆమె గాజుల అంగడి. పేడతో అలికిన మట్టినేల, బండలు లేవు. గడప ముందు చోటు తక్కువ. పెద్ద చదరం వేసేసరికే వీధి వచ్చేసింది, కొన దగ్గర ఇరుకైంది. నేను తెలివిగా కొనను కొంచెం కిందికి నొక్కి, త్రిభుజాన్ని చదును చేశాను. చూడ్డానికి బాగానే ఉంది. గింజలు పోశారు, తీశారు, పెద్ద చదరంలో పరిచారు. చాలలేదు. ఒక మూల అరచెయ్యంత ఖాళీ మిగిలింది. గాజుల అక్క గుండె బాదుకుంది. "అయ్యో, కుబేరుడికి అరకడుపే! నా అంగడి మునిగిపోతాది!" తాత కళ్ళు చిన్నవి చేసి, "పిల్ల స్నానం చేసిందా లేదా, అడుగు" అన్నాడు. అవ్వ నా తరఫున యుద్ధానికి దిగింది. "మా పిల్ల తలకు పోసుకునే వచ్చినాది. నీ గింజలే పురుగు తిన్నవి!"

ఆ గొడవలో నేను మెల్లగా బొమ్మ పక్కన గొంతుక్కూచున్నాను. ఏడుపు వస్తోంది, దాంతోపాటు కోపం కూడా. నిన్న సరిపోయింది, ఈరోజు ఎందుకు సరిపోదు? అక్షరాలు అవే, గీతలు అవే, పిండి అదే. ఏం మారింది? తాత ఇంట్లో బొమ్మ పడుకుని ఉంది, అయినా సరిపోయింది. కాబట్టి దిక్కుదేమీ లేదు. ఈ కొన నొక్కాను. నొక్కితే ఏమైంది? మూల వెడల్పయింది! బండల మూలలాగా నిటారుగా లేదు, నోరు తెరుచుకుంది. నేను లేచి ఇంటికి పరిగెత్తి పలక తెచ్చాను. బొమ్మ చెరిపేసి, పలక మూల ఆనించి, ఆ రెండు అంచుల వెంట భుజాలు గీసి, మొత్తం చిన్నదిగా వేశాను. గింజలు పోశారు. సరిగ్గా సరిపోయాయి. గాజుల అక్క నన్ను కావిలించుకుని రెండు చేతులకూ డజను గాజులు ఎక్కించింది. తర్వాత ఎన్నో పరీక్షలు పాసయ్యాను గాని, ఆ పొద్దు ఉన్నంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

"ఎవురు గీసినారు ఇది?"

ఆ గొంతు వినగానే గాజుల చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాను. గాజులు కొనడానికి వచ్చిన కాంపాసమ్మ వీధిలో నిలబడి, పసుపు కుంకుమలతో, అనపగింజలతో, చుట్టూ అగరొత్తులతో వెలిగిపోతున్న తన సిద్ధాంతాన్ని చూస్తోంది. నా చదువు అవ్వ చేతిలో కాకుండా ఈమె చేతిలోనే ఆఖరవుతుందని నిశ్చయించుకున్నాను. అవ్వ నన్ను ముందుకు తోసి, "మా మనవరాలే. మీ ఇస్కూలే" అంది. నేను జరిగినదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. యముడు, ఎనుము, నొక్కిన కొన, అన్నీ. కాంపాసమ్మ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే తిప్పితే ఏమీ మారదంటావు?"

"మారదు టీచర్. మూల నిటారుగా ఉంటే సాలు."

"పడిపోతే?"

బోర్డు మీది త్రిభుజం గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను. "త్రిభుజాలు పడిపోవు టీచర్."

ఆమె కాలి బొటనవేలితో గింజలు చూపించి, "ఈ గింజలు ఈ త్రిభుజం సంగతి చెప్పినాయి. నిన్న ఆ త్రిభుజం సంగతి చెప్పినాయి. లోకంలో ఎన్ని ఉండాయి ఇట్లాంటివి? అన్నిటికీ అనపగింజలు పోస్తావా? పొయ్యకుండానే ఎట్ల తెలుస్తాది, చెప్పు" అంది. నేను వంగి గింజల వైపు చూశాను. "పుస్తకంలో బొమ్మ కింద అంత పొడుగు ఎందుకు రాసినారనుకున్నావు? ఇంటికి పోయి చదువు" అని, గాజులు కూడా కొనకుండా అంగలు వేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి పోయి చదివాను. అంతవరకు శ్లోకంలా అప్పజెప్పిన ఆ నిరూపణను, ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు చెప్పిన జవాబుగా ఆ రోజు మొదటిసారి చదివాను. అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఎండకాలం పరీక్షలో కాంపాసమ్మ త్రిభుజాన్ని పక్కకు వంచి, ఎక్స్, వై, జెడ్ అని పేర్లు పెట్టి ఇచ్చింది. వెనక బెంచీలో ఎవరో "ఇది పుస్తకంలో లేదు టీచర్" అని ఏడ్చేసింది. నేను రాశాను. ఆ ఊపులో చివర తెలుగులో ఒక వాక్యం నా సొంతంగా కూడా కలిపాను. "ఈ సిద్ధాంతము త్రిభుజమును ఏ దిక్కుకు తిప్పినను చెల్లును, కాని దక్షిణమునకు తిప్పుట మంచిది కాదు." జవాబు పత్రం తిరిగొచ్చినప్పుడు ఆ వాక్యం కింద ఎర్రసిరాతో ఇలా ఉంది. "యమునికి జామెట్రీతో పనిలేదు. ఒక మార్కు తగ్గించడమైనది." ఆ ఒక్క మార్కు పోయినా లెక్కలు పాసయ్యాను.

అవ్వకు చెప్పడానికి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. ఆమె సంతోషంతో మెటికలు విరుస్తుందనుకున్నాను గాని, "సరేలే, పాసు. ఆ టీచరమ్మ అడిగిందే, గింజలు పొయ్యకుండానే ఎట్ల తెలుస్తాదని. జవాబు దొరికినాదా?" అంది. ఆమెకు ఆ ప్రశ్న గుర్తుందని కూడా నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం పడసాల నేల మీద సుద్దతో గీసి చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ ఆకువక్క పక్కన పెట్టి వంగి చూసింది. నేను టీచరమ్మలాగా, "ఈ త్రిభుజము, ఆ త్రిభుజము సమానము" అని గబగబా దాటిపోబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు. అదెట్ల సమానము?"

"పుస్తకంలో ఉండాది అవ్వా."

"పుస్తకంలో ఉంటే అయిపోయినాదా? నా కంటికి కనబడేట్ల చెప్పు."

నేను విసుక్కుంటూ, రెండు భుజాలు, వాటి నడుమ కోణం సమానం కాబట్టి అన్నాను. అవ్వ ఆ గీతల మీద వేలు పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిపించింది. నెమ్మదిగా ఆమె ముఖం విప్పారింది. "అయితే మూడోది కూడా సమానమయ్యే తీరాల. వేరే దోవ లేదు గదా దానికి!" అంది. వేలికంటిన సుద్ద కొంగుకు తుడుచుకుని, చాలా మామూలుగా, "మా నాయన నన్ను పలక ముట్టనీలేదు. ముట్టనిచ్చింటే నాకూ వచ్చిండేదేమోనే" అంది. నేను ఆ మాటను పట్టించుకోలేదు, ఆటకు ఆలస్యమవుతోందని నా తొందర. లేవబోతుంటే, "ఏమే, ఇది మొదటిదా? దీని వెనక ఇంకా ఉండాయా?" అని అడిగింది.

ఉన్నాయి. చాలా ఉన్నాయి. నా సంచి అటకెక్కించే మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు గాని, నా మధ్యాహ్నాలన్నీ పోయాయి. రోజూ బడి నుంచి రాగానే ఆమెకు కొత్త సిద్ధాంతం కావాలి. తెలియకుండా చెబితే దొరికిపోతాను కాబట్టి తెలుసుకుని రావాల్సి వచ్చేది. పై సంవత్సరం ఆఖరికి లెక్కల్లో క్లాసుకంతా నేనే ఫస్టు వచ్చాను. వీధి వాళ్ళు చూడ్డానికి వస్తే అవ్వ అందరికీ బెల్లంముక్క పెడుతూ, "మా ఇద్దరికీ ఫస్టు వచ్చినాదప్పా" అని చెప్పింది. పెద్దావిడ, మాట తడబడిందని అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. తర్వాత ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో జామెట్రీ చెప్పాను. "ఉండు, అదెట్ల సమానము?" అని మొదటిసారి వినగానే నన్ను ఆపిన పిల్ల ఆ ముప్పై ఏళ్ళలో ఒక్కతీ దొరకలేదు. బెల్లం పెడుతూ ఆ రోజు అవ్వ చెప్పిన 'ఇద్దరికీ' అన్న లెక్క సరైనదే.